గానుగ వెనక కలిచెడ్డి

మా ఎత్నా అగ్నికొండ పల్లెల్లో కలిచెడ్డి ఎక్కడ కోశావని అడిగితే నిజం చెప్పిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ఆ కూర క్యాబేజీకి అడవి చుట్టం. లావా రాళ్ల సందుల్లో, ద్రాక్షతోటల గట్ల మీద దానంతటదే మొలుస్తుంది. కాస్త చేదు, కాస్త ఘాటు. చోటు చెబితే తెల్లారేసరికి ఊరంతా కత్తులు పట్టుకుని అక్కడే ఉంటుంది. అందుకే పైన కోస్తే కింద అంటాం, కింద కోస్తే పైన అంటాం. అడిగేవాళ్లకీ ఆ సంగతి తెలుసు, తిరగేసుకుని వెతుక్కుంటారు. మా అమ్మయితే చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు ఫాదర్‌కి కూడా తప్పుడు చోటే చెప్పింది.

ఆ ఫిబ్రవరిలో వానల్లేక కలిచెడ్డికి కరువొచ్చింది. ఒకరోజు పొద్దున్నే పక్కింటి దెంజా మా గుమ్మంలో నిలబడింది. ఆమె భర్త ఒరాత్సియో మంచాన పడి అప్పటికి మూడు వారాలు. రెండు చెంచాల జావ తప్ప ఏమీ ముట్టడం లేదు.

"వెనెరీనా, ఇవాళ నోరు తెరిచి కలిచెడ్డి కావాలన్నాడే. వెల్లుల్లి వేసి నూనెలో మగ్గించాలట. ఇక ఎన్నాళ్లుంటాడో ఏమో. ఎక్కడ దొరుకుతోందో కాస్త చెప్పవే, నీకు పుణ్యముంటుంది."

నా గుండె కరిగింది. "పాత ద్రాక్షగానుగ లేదూ, దాని వెనక గోడవారన. రోడ్డు మీంచి పది అడుగులు" అన్నాను. కూర చోటు గురించి నా జన్మలో చెప్పిన మొదటి నిజం అదే.

దెంజా నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "గానుగ వెనకా? సరేలే తల్లీ, సరే."

ఆ నవ్వుకి అర్థం నాకు తట్టాల్సింది. తట్టలేదు. ఎందుకంటే నా వంటింట్లో తడిగుడ్డ కింద బుట్టెడు కలిచెడ్డి ఉంది, ఆమె లోపలికి తొంగి చూడకుండా తలుపు మూయాలన్నదే నా ధ్యాస. ఆదివారం ఆడపడుచు వాళ్లు వస్తున్నారు. సాసేజ్‌తో వండిపెట్టి భేష్ అనిపించుకోవాలి. ఓ గుప్పెడు తీసి దెంజా ఒళ్లో పోస్తే నా సొమ్మేం పోయేది? నా బుద్ధి గడ్డి తింది!

గానుగ ఊరికి పైన ఉంది. కాబట్టి దెంజా కిందికి వెళ్లింది, రాళ్లవాగులోకి. డెబ్బై ఒక్కేళ్ల మనిషి. మధ్యాహ్నం మేకలవాడికి ఆమె కేకలు వినిపించాయి. తుంటి విరిగింది.

ఆస్పత్రికి పరిగెత్తాను. నన్ను చూడగానే, "గానుగ వెనకా!" అంది.

"ఒట్టే దెంజా, అక్కడే ఉంది. మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మ మీదా! ఆవిడేగా నీకు నేర్పింది!" నవ్వబోయి నొప్పికి మూలిగింది. "పోన్లేవే, ఏడవకు. నన్నడిగినా నేనూ అలాగే చెప్పేదాన్ని. ఆయనకి మాత్రం నేను పడ్డానని చెప్పకు. చెల్లెలింటికి వెళ్లిందని చెప్పు."

నేను చెయ్యని తప్పుని ఎంచక్కా క్షమించేసింది. చేసిన తప్పు వంటింట్లో బుట్టలో ఉంది. చెప్పేద్దామనే అనుకున్నాను. సిగ్గుమాలినదాన్ని, తలూపి వచ్చేశాను.

ఇంటికొచ్చి బుట్ట మొత్తం వండి ఒరాత్సియో దగ్గరికి పట్టుకెళ్లాను.

"దెంజా ఏదీ?"

"చెల్లెలికి బాగోలేదని వెళ్లిందన్నయ్యా. కూర తనే కోసిచ్చి వెళ్లింది."

చెంచాతో పెట్టాను. కళ్లు మూసుకుని నమిలాడు. మింగాడు. మళ్లీ నోరు తెరిచాడు. నాలుగు చెంచాలు తిన్నాడు.

"ఎక్కడ దొరికిందట?"

"గానుగ వెనక."

నమలడం ఆపి నా వైపు చూశాడు. "చోటు నీకు చెప్పేసిందా? యాభై ఏళ్లు కాపురం చేశాను, నాకే ఎప్పుడూ చెప్పలేదు. నువ్వంటే దానికి ఎంత ప్రాణం, చెల్లెమ్మా!"

ఇంకో చెంచా కోసం నోరు తెరిచాడు. ఆయన మొహం చూడలేక పక్కకి తిరిగి పెట్టబోయాను, నూనంతా ఆయన చొక్కా మీద ఒలికింది.