ఇరవై మూడు గొట్టాలు, ఒక దారప్పోగు

మా వదిన నోటికి అదుపు లేదని నాలుగేళ్లపాటు కనబడ్డవాడికల్లా చెప్పుకుని తిరిగినవాణ్ణి నేనే. కాబట్టి ఇది కూడా నేనే చెప్పాలి.

బళ్లు బాగుచేసే షెడ్డు మా అన్నదీ నాదీ. ఏడో తరగతిలో బడి మానేసి, అన్నకి స్పానర్లు అందిస్తూ పని నేర్చుకున్నాను. అన్న పోయాక సగం షెడ్డు వదినదైంది. ఆవిడ బళ్ల సీటు కవర్లు కుడుతుంది. మిషను అంతకుముందు వెనక గోడ దగ్గర ఉండేది. అన్న పోయిన నెలకే దాన్ని ఈడ్చుకొచ్చి గేటు దగ్గర, నేను పనిచేసే చోటుకి కుడిపక్కన వేసుకుంది. "ఇక్కడ వెలుతురు బాగుంటుంది మరిదీ" అంది. వెలుతురూ లేదు, వంకాయా లేదు, నా మీద కాపలాకే అనుకున్నాను. ఎవరు గేటులో అడుగుపెట్టినా నాకంటే ముందు ఆవిడే అందుకునేది. "ఏమయ్యా, క్లచ్చు జారుతోందట, సాయంత్రానికి అవుతుందా అంటున్నాడు, చెప్పు!" అని కప్పు ఎగిరిపోయేలా అరిచేది. వాడు నన్ను అడిగింది ఈవిడ మళ్లీ అడగడమేమిటి, నేనేమన్నా చచ్చానా అని ఒళ్లు మండేది. ఒకరోజు కోపం పట్టలేక ఇద్దరికీ మధ్య పాత రెక్సిన్ తెర కట్టేశాను. ఆవిడ మిషను ఆపి లేచింది. కత్తెర తెచ్చి, తెరలో తల పట్టేంత కిటికీ కత్తిరించుకుంది.

అసలు సంగతేమిటంటే నా కుడి చెవి పోయింది, ఎడమది సగం పోయింది. పాతికేళ్లు గ్రైండరు పక్కన నిలబడ్డ ఫలితం. కీచుమనే చప్పుళ్లు, బుస్సుమనే చప్పుళ్లు బొత్తిగా అందవు. ఈ విషయం ఎవరికీ తెలియదనే అనుకున్నాను. తెలిస్తే ఎదురు షెడ్డువాడికి పండగే. ఇంజిను చప్పుడు వినలేని మేస్త్రీ దగ్గర బండి ఎవడు పెడతాడు? అందుకే అరచెయ్యి ఇంజిను మీద వేసి అదురు చూసేవాణ్ణి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజినుకీ, పిడి చెవి వెనక ఎముకకీ ఆనించేవాణ్ణి. లోపలి టకటకలు, గరగరలు ఎముకలోంచి వచ్చేస్తాయి. చూసేవాళ్లు అబ్బో అనుకునేవారు.

అలా నెట్టుకొస్తుండగా ఆస్పత్రి వ్యాను వచ్చింది. దాని డ్రైవరు వారానికి మూడు రోజులు కిడ్నీ రోగుల్ని డయాలిసిస్‌కి తీసుకెళ్లి తీసుకొస్తాడు. వ్యాను ఇంజిను పూర్తిగా అరిగిపోయింది. ఎక్కడో గుద్దుకుపోయిన కారులోంచి మంచి ఇంజిను ఒకటి సంపాదించి, దాన్ని వ్యానులో పెట్టమన్నాడు.

ఆ ఇంజిను నిండా కోడిపేగుల్లా సన్నటి రబ్బరు గొట్టాలు. పొగలో విషం తగ్గించే వాల్వులు, పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా, సైలెన్సరు గొట్టంలోకి గాలి తోసే పంపు. ఇంజిను గాలి పీల్చుకునే బలంతోనే ఆ వాల్వులు పనిచేస్తాయి. కారుకి చట్టం ప్రకారం అవి ఉండాలి. ఈ వ్యాను ఆ నియమాలు రాకముందు పుట్టింది, పైగా ఆ సామాను సగం గుద్దుకున్న కారుతోనే నుజ్జయింది. తీసేయొచ్చని డ్రైవరు రవాణా ఆఫీసులో అడిగి కాగితం కూడా తెచ్చుకున్నాడు. అప్పుడు గానీ నేను చెయ్యి వెయ్యలేదు.

తీసేయడమంటే కసాబిసా కోసి పారేయడం కాదు. బ్రేకు బూస్టరుకి పోయే లావు గొట్టం ఉండాలి, లేకపోతే బ్రేకు తొక్కడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఇంజిను కడుపులోని ఆవిరిని మళ్లీ లోపలికే లాగే చిన్న వాల్వు ఉండాలి. స్పార్కు వేళ సర్దే గొట్టం ఉండాలి. తక్కినవన్నీ పీకి, గొట్టం తగిలించి ఉన్న ప్రతి ముక్కుకీ రబ్బరు టోపీ వేసి క్లిప్పు బిగించాలి. ఒక్కటి తెరిచి ఉన్నా ఇంజిను అందులోంచి దొంగగాలి పీల్చి ఊగిపోతుంది. పీకిన గొట్టాన్ని గోడ మేకుకి తగిలించడం, వెంటనే టోపీ వెయ్యడం అన్న నేర్పిన పద్ధతి. గోడ మీద ఇరవై మూడు గొట్టాలు, ఇంజిను మీద ఇరవై మూడు టోపీలు. లెక్క సరిపోయింది.

ఇంజిన్ని వ్యానులోకి దించి, బిగించి, మూడో రోజు మధ్యాహ్నం స్టార్టు చేశాం. రేపు పొద్దున ఏడింటికి ఆరుగురు రోగులు గుమ్మాల్లో నిలబడి ఎదురుచూస్తుంటారని డ్రైవరు అప్పటికే పదిసార్లు చెప్పాడు. ఇంజిను అందుకుంది. అరచేతి కింద ఒకసారి పైకి లేస్తుంది, ఒకసారి చచ్చేలా పడిపోతుంది.

డ్రైవరు తల లోపలికి దూర్చాడు. "ఏదో బుస కొడుతోంది మేస్త్రీ. ఎక్కడంటారు?"

"ఏది?"

"అదే, బుస్సుమని! ఇంత గట్టిగా వస్తుంటే వినబట్టం లేదా?"

నేను స్క్రూడ్రైవరు ఎముకకి ఆనించాను. బుస ఎముకలోంచి రాదని నాకు తెలుసు. అయినా ఆనించాను. కార్బురేటరు స్క్రూ అటు తిప్పాను, ఇటు తిప్పాను. చెమట కళ్లలోకి దిగింది. డ్రైవరు ఇంజిన్ని వదిలేసి నా మొహం చూస్తున్నాడు.

"పోనీ ఎదురు షెడ్డాయన్ని పిలవనా?" అన్నాడు మెల్లిగా. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. "ఇంకో మనిషి వింటే..."

అయిపోయిందిరా అనుకున్నాను. అప్పుడు తెర కదిలి వదిన వచ్చింది, వేళ్ల మధ్య జానెడు తెల్లదారం పట్టుకుని.

"ఇదుగో, తెమ్మన్నావుగా."

నేనేమీ తెమ్మనలేదు.

"అలా గుడ్లప్పగించి చూస్తావేంటయ్యా? గాలి పీల్చే చోట దారం పెడితే అదే చూపిస్తుందని పొద్దున చెప్పింది నువ్వేగా. ఆ ఫ్యాను గాలి కొట్టకుండా అట్ట అడ్డం పెట్టు."

"దారమా?" అన్నాడు డ్రైవరు.

"మరి? మా మరిది చెవులతో వెతకడు బాబూ. చప్పుడు పదిచోట్ల నుంచి వచ్చినట్టుంటుంది. ఆయనకి కంటికి కనబడాలి."

నేను అట్ట పట్టుకున్నాను. ఆవిడ ఒక్కో టోపీ దగ్గరా దారం కొస ఆడించుకుంటూ పోయింది. దారం ఊరికే వేలాడింది. చివరికి ఇంజిను వెనక, నా లావు చెయ్యి దూరని సందులోకి తన సన్న చెయ్యి పోనిచ్చింది. "అమ్మో, కాలుతోంది" అంటూనే ఇంకాస్త దూర్చింది. దారం ఒక్కసారి బిగుసుకుని ఆవిడ వేళ్లలోంచి సర్రున మాయమైంది.

"ఇదేనయ్యా నువ్వు చెప్పింది!"

ఆవిడ అక్కడే వేలు అడ్డం పెట్టేసరికి నా అరచేతి కింద ఇంజిను కుదురుకుంది. "ఆగింది, బుస ఆగింది!" అని డ్రైవరు గంతులేశాడు. ఆ ముక్కుకి ఉండాల్సిన గొట్టం ఎప్పుడో పుచ్చి రాలిపోయింది. నేను గొట్టాలు లెక్కపెట్టాను గానీ ముక్కులు లెక్కపెట్టలేదు. ఇంజిను ఆపి, పక్క బ్రాకెట్టు విప్పి, ఇరవై నాలుగో టోపీ వేశాను.

డ్రైవరు బండి తిప్పి చూడ్డానికి వెళ్లాడు. వదిన కాలిన వేలు కుళాయి కింద పెట్టింది.

"నేను దారం తెమ్మనలేదు" అన్నాను.

"తెలుసు."

"మరి?"

"మరేంటి? కుట్టేదాన్ని. కిటికీ సందులోంచి గాలొస్తే నాకంటే ముందు దారానికి తెలుస్తుంది."

"అది కాదు వదినా. నా చెవి..."

"ఓ, అదా." కుళాయి కట్టింది. "మీ అన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడే చెప్పాడు. వాడికి కుడిపక్క వినబడదు, అడిగితే మీద పడి కొడతాడు, నువ్వు ఆ పక్కన కూర్చో అన్నాడు."

"వెలుతురన్నావుగా!"

"నీకు నిజం చెప్పి బతికి బట్టకట్టినవాళ్లున్నారా?"

నాలుగేళ్ల అరుపులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. క్లచ్చు జారుతోందట. రేడియేటరు కారుతోందట. హారను చాలు, పెయింటు వద్దంటున్నాడు. వాటిలో ఒక్కటైనా నా అంతట నేను విన్నానా? వినేశాననుకుని ఎంత దర్జాగా ఆవిణ్ణి కసురుకున్నాను! థాంక్స్ చెప్పుకోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. స్టూలెక్కి తెర ముడులు విప్పడం మొదలుపెట్టాను.

"అయ్యయ్యో, ఆ కిటికీకి అంచు కూడా కుట్టుకున్నానే" అంది వదిన.

ఆవిడ మళ్లీ మిషను తొక్కుతుంటే, నేను తెర మడత పెడుతుండగా వ్యాను తిరిగొచ్చింది. డ్రైవరు మొహం వెలిగిపోతోంది. "బండి బంగారం మేస్త్రీ! ఆ దారం ఉపాయం ఎక్కడ నేర్చారు? నేను నలుగురికీ చెప్తాను."

నవ్వి ఊరుకుంటే సరిపోయేది. ఆవిడ ఆ ఘనత నాకు ఇచ్చింది కూడా అందుకే. కానీ గొంతు ఊరుకోలేదు.

"ఉపాయం మా వదినది. నాకు కుడి చెవి వినబడదు, ఎడమది సగమే. ఆ బుస నేను వినలేదు. నలుగురికీ చెప్పేటప్పుడు అది కూడా కలిపి చెప్పు."

పాదాల కింద వదిన కుట్టుమిషను అదురు ఆగిపోయింది. డ్రైవరు నన్ను చూశాడు, వదినని చూశాడు. చేతిలోని తాళాలు ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు. ఎదురు షెడ్డు వైపు వెళతాడనుకున్నాను. బండి ముందునుంచి చుట్టూ తిరిగి నా ఎడమ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అయితే ఇటునుంచి చెప్తాను. రెండో గేరు కాస్త బిగువుగా పడుతోంది. అది కూడా చూసేస్తే పొద్దున్నే నేరుగా బయల్దేరతాను."

తాళాలు నా చేతిలో పెట్టాడు.

"రెండో గేరంటున్నాడయ్యా, వినబడిందా?" అని కప్పు ఎగిరిపోయేలా అరిచింది వదిన.

"వినబడింది వదినా" అన్నాను. "అయినా ఇంకోసారి చెప్పు."