ఇస్త్రీ పెట్టె పరీక్ష

కుట్టుమిషను తొక్కీ తొక్కీ మోకాళ్లు అరగదీసుకున్న టైలరమ్మకు ఎవరినీ ఓ పట్టాన నమ్మే అలవాటు లేదు. ఫిజియోథెరపీ అమ్మాయిని అసలే నమ్మలేదు. వెళ్లినప్పుడల్లా మోకాలికి చల్లటి జెల్ పూసి, అల్ట్రాసౌండ్ మిషను తలను దాని మీద గుండ్రంగా తిప్పుతుంది. వేడీ ఉండదు, చప్పుడూ ఉండదు. ఆ తర్వాత తొడ బిగించి కాలెత్తే వ్యాయామం చేయిస్తుంది. అది ఉత్త కాలక్షేపమని టైలరమ్మ నమ్మకం.

"అసలు మిషను వేస్తున్నావా, నా చెవిలో పువ్వులు పెడుతున్నావా?" అని ఆ రోజు నిలదీసింది.

"వేశాను పిన్నిగారూ. దాని శబ్దం మన చెవికి అందదు."

దొంగ దొరికిందనుకుంది టైలరమ్మ. ఇస్త్రీ పెట్టె కాలిందో లేదో చూసినట్టు, వేలు తడుపుకుని మిషను తల మీద ఓ నీటిచుక్క విదిల్చింది. అది చుయ్‌మనలేదు.

"చూశావా! చల్లగా చచ్చి పడుంది!"

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. "ఇది ఇస్త్రీ పెట్టె కాదండీ. నీళ్లు కాగవు, అదిరి తుంపరలా లేస్తాయి. చూడండి" అంటూ మీట పూర్తిగా తిప్పింది.

చుక్క కదల్లేదు. మళ్లీ తిప్పినా కదల్లేదు. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది.

"ఎప్పుడు పాడైందో నాకూ తెలీదు పిన్నిగారూ."

"నేను ముందే అనుకున్నా!" కింద వీధిలో ఎదురుచూస్తున్న మరిదికి ఈ సంగతి చెప్పాలని టైలరమ్మ గబగబా మెట్లు దిగింది. సగం దిగాక చూసుకుంటే చెయ్యి రెయిలింగ్ మీద లేదు. మెట్టుమెట్టుకూ ప్రాణం తీసే మోకాలు కిక్కురుమనలేదు.

టైలరమ్మ అక్కడే ఆగిపోయి, దానివంక అనుమానంగా చూసింది.

"మరి నిన్నెవరు బాగుచేశారే?" అని మోకాలిని నిలదీసింది.