పదహారో బిళ్ల

మా ఆయన చాదస్తం పుట్టుకతో వచ్చిందనేవారు మా అత్తగారు. నన్నడిగితే, బొగ్గుగనిలో అంటుకుంది. ముప్పై ఏళ్లు ఆ గనిలో పనిచేశాడు. అది మూతపడ్డాక ఇప్పుడు కొండ మీద సైకిల్ దారులు, కింద చెరువులో పడవలు, గనిలోకి ముప్పావుగంట షికారు పెట్టారు. టికెట్లు అమ్మేది నేనే. ఇంట్లో ఉంటే నా వంటింటి డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దుతున్నాడని, ఆయన్ని గైడుగా పెట్టుకోమని మేనేజరు కాళ్లావేళ్లా పడ్డాను. వారం చూస్తానన్నాడు.

ఆ వారంలో ఆఖరి రోజది. చివరి జట్టులో పదహారు మంది. లోపలికి వెళ్లే ప్రతి మనిషికీ అంకె వేసిన ఇత్తడి బిళ్ల ఇవ్వడం, రాగానే తీసుకుని బోర్డుకు తగిలించడం గని కాలం నాటి పద్ధతి; మా ఆయన దాన్ని మళ్లీ మొదలుపెట్టాడు. మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి లోపలే ఉన్నట్టు. షికారుకొచ్చినవాళ్లకు ఇదంతా ఎందుకండీ అని వారమంతా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

జట్టు బయటికొచ్చి ఎవరిదారిన వాళ్లు పోయాక చూస్తే బోర్డు మీద బిళ్లలు పదిహేనే ఉన్నాయి.

"ఎవరో జేబులో వేసుకుపోయుంటారు. తాళం వేసెయ్యండి," అన్నాడు మేనేజరు.

"లోపల మనిషుంటే?" అన్నాడు మా ఆయన.

"మీ చాదస్తంతో వేగలేను. ఇప్పుడు లోపలికెళ్తే రేపట్నుంచి రానక్కర్లేదు."

వెళ్లొద్దని ఆయన్ని కళ్లతోనే బతిమాలాను. ఆయన హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు. మొండిఘటం. నాకు ఒళ్లు మండింది.

గంట తర్వాత మోకాళ్ల నిండా మసితో వచ్చేసరికి, ఆ జట్టులో ఒంటరిగా వచ్చిన ఒక టీచరమ్మ కౌంటరు దగ్గర ఐస్‌క్రీము తింటోంది. సగం దారిలో భయమేసి వెనక్కొచ్చి పడవెక్కిందట. బిళ్ల ఆవిడ సంచిలోనే ఉంది.

"నాకోసం వెతికారా?" అంది.

"వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లాలమ్మా," అన్నాడు మా ఆయన మెల్లగా.

"నేనెటు వెళ్లినా అడిగేవాళ్లు లేరండీ." ఐస్‌క్రీము ఆవిడ చేతి మీదుగా కారిపోతోంది.

"చూశారా, ఉత్త చాదస్తం," అన్నాడు మేనేజరు.

ఆ మాట నేననొచ్చు. వీడెవడు అనడానికి?

"బాబూ, ముప్పై ఏళ్లు ఈయన దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ఎవరో ఒకరు లెక్కపెట్టారు. ఆ చాదస్తం వల్లే నాకు మొగుడు మిగిలాడు. రేపట్నుంచి టికెట్లకూ వేరే మనిషిని చూసుకో," అన్నాను.

దారిలో ఆయన తలెత్తలేదు. "నీ ఉద్యోగం కూడా పోగొట్టానే," అన్నాడు.

"పోతే పోయింది. మీరొచ్చారుగా," అన్నాను.