ఇంట్లో ఎవరూ లేనప్పుడు

‘వైఫై బావ’ అని అతనికి పేరు పెట్టింది బావమరిది. ఊరికే పెట్టలేదు. ఆఫీసులో నెట్‌వర్క్ ఇంజనీరు. ఇంట్లో గదిగదికీ స్మార్ట్ బల్బులు బిగించి, వచ్చినవాళ్లకు మంచినీళ్లకన్నా ముందు వాటినే చూపించేవాడు. స్విచ్ కట్టేస్తే బల్బు నెట్‌వర్క్ నుంచి తెగిపోతుందని, గోడ మీది స్విచ్చులన్నిటికీ టేపు అంటించాడు.

అత్తగారు వచ్చి వాళ్లతో ఉంటున్న దగ్గర్నుంచీ పేచీ మొదలైంది. భార్య ఇంకా ఆఫీసు నుంచి రాకముందు, సాయంత్రం అతను జిమ్‌కి వెళ్లగానే బల్బులన్నీ ఆరిపోయేవట. తిరిగొచ్చేసరికి మాత్రం అన్నీ వెలుగుతూనే ఉండేవి. రూటర్ జరిపి చూశాడు, ఆపి మళ్లీ వేసి చూశాడు. లోపం దొరకలేదు.

“అత్తయ్యగారూ, మీరు స్విచ్ కట్టేసి మళ్లీ వేసుంటారు.”

“లేదు బాబూ, నేను కుర్చీలోంచి లేవనే లేదు.”

“గుర్తుండి ఉండదులెండి.”

అతను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఆదివారం బావమరిది కుటుంబం భోజనానికి వస్తే, అందరి ముందూ అననే అన్నాడు: “మీ అమ్మగారి చెయ్యి పడితే నా నెట్‌వర్క్ గోవిందా!” అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి, కంచాలు తీసుకుని లోపలికి వెళ్లింది. మర్నాడు పొద్దున్నే బట్టలు సంచిలో సర్దుకుంది. మరుసటి రోజు బయల్దేరి వెళ్లి, ఇక పెద్దకూతురి దగ్గరే ఉంటానంది. ఎందుకమ్మా అని అతని భార్య ఎంత అడిగినా చెప్పలేదు.

ఆ సాయంత్రం అతను జిమ్‌కి వెళ్లలేదు. ఆవిడ స్విచ్ నొక్కుతుంటే చూసి తేల్చేద్దామని గేటు దాటి, రోడ్డవతల నిలబడి కిటికీకేసి చూశాడు. ఆవిడ కుర్చీలో కూర్చునే ఉంది. కూర్చుని ఉండగానే ఇల్లంతా చీకటైంది. చేతిలో ఫోన్ మోగింది. రోజూ జిమ్‌లో చదవకుండా పక్కకు తోసేసే సందేశమే: ‘ఇంట్లో ఎవరూ లేరు. లైట్లు ఆర్పేశాను.’

ఆ ఏర్పాటు చేసింది తనే. భార్య ఫోనూ తన ఫోనూ వైఫైలో లేకపోతే ఇల్లు ఖాళీ అని బల్బులకు నేర్పాడు. అత్తగారిది బటన్ల ఫోను. దానికి వైఫై అంటే ఏమిటో తెలియదు.

మెట్లెక్కుతుంటేనే లైట్లు వెలిగాయి. ఆవిడ చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని కూర్చుంది. “నేను ముట్టుకోలేదు బాబూ,” అంది అతను నోరు తెరవకముందే.

తడబడుతూ జరిగింది చెప్పాడు. ఆవిడ సగమే విన్నట్టుంది.

“అంటే నా బుర్ర బాగానే ఉందా? నొక్కి మర్చిపోతున్నానేమోనని హడలిపోయాను బాబూ. మతి తప్పిన మనిషి మీ నెత్తిన ఎందుకని...” కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ ముఖంలో కోపం కోసం వెతికాడు. తిట్టినా బాగుండుననిపించింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

అంతలో భార్య వచ్చింది. “ఆ సంచి విప్పెయ్యవే,” అంది అత్తగారు హుషారుగా. “నాదేం లేదట. బల్బుల్లోనే ఏదో లోపమట.”

అల్లుడి పరువు కాపాడేసింది. ఊరుకుంటే అక్కడితో పోయేది. అతనికి తల కొట్టేసినట్టయింది.

“బల్బుల్లో ఏ లోపం లేదు,” అన్నాడు భార్యతో, తల దించుకునే. “ఇంట్లో ఎవరెవరున్నారో వాటికి చెప్పింది నేను. మీ అమ్మగారు ఉన్నారని చెప్పలేదు.”