బస్సుకేమీ కాలేదు

నేను సిటీ బస్సు నడుపుతాను. డిపో నుంచి రైల్వే స్టేషన్ దాకా, మళ్ళీ వెనక్కి. సందులో అంత పొడవు బండిని తిప్పుతుంటే మగ డ్రైవర్లు కూడా నోరెళ్ళబెడతారు. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా? చెప్పుకుంటాను, నాకేం సిగ్గు!

నాకు స్టీరింగ్ నేర్పింది పెద్దక్క. తోడబుట్టింది కాదు. మా డిపోలో మొదటి ఆడ డ్రైవరు, అందుకే అందరికీ పెద్దక్క. గేర్లతో పాటు ఇంకోటి కూడా నేర్పింది. "డ్యూటీ ఎక్కాక నీళ్ళ జోలికి పోకే. తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి చోటు లేదు. గొంతు ఎండితే కాఫీ చుక్క పోసుకో." మగాళ్ళకేం, డిపో వెనక గోడుంది. మాకున్న ఒకే ఒక్క బాత్రూం తాళంచెవి టైంకీపర్ జేబులో ఉంటుంది. అడిగితే గడియారం వంక చూస్తాడు.

అక్క చెప్పింది కదా అని తు.చ. తప్పకుండా పాటించాను. ఈ చివర కాఫీ, ఆ చివర కాఫీ. ఎండకి చల్లటి సోడా, బుగ్గన పుల్లటి బిళ్ళ. నిద్ర రాకుండా అన్నంలో కారం దట్టించి తినేదాన్ని. ఇంటి నుంచి తెచ్చిన నీళ్ళ సీసా తెచ్చినట్టే తిరిగెళ్ళేది.

చివరికి ఏమైంది? మంట. వెళ్ళొచ్చిన కాసేపటికే మళ్ళీ వెళ్ళాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలు. స్పీడ్ బ్రేకర్ వస్తే ప్రాణం పోయేది.

"రోజంతా ఏం తాగుతావమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. చెప్పాను. పెన్ను పక్కన పెట్టేసింది.

"నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడుతుంది. అదే మూత్రాశయాన్ని మండిస్తుంది. ఆ మంట మీద నువ్వు కాఫీ, సోడా, పులుపు, కారం పోస్తున్నావు. మందులిస్తాను. కాఫీ మెల్లగా తగ్గించు. నీళ్ళు ఒక్కసారే కాకుండా రోజంతా కాస్త కాస్త తాగు. బిగబట్టుకోకు. ఇన్ఫెక్షన్ కిడ్నీలకి పాకితే అప్పుడు ఏడ్చి లాభం లేదు."

బిగబట్టుకోవద్దట! ఆ మాట టైంకీపర్‌కి చెప్పాను.

"ఆడవాళ్ళకి బస్సులిస్తే ఇదే గోల," అన్నాడు. "ఇంకోసారి లేటయ్యావంటే స్టీరింగ్ పీకేసి టికెట్ల గదిలో కూర్చోబెడతా."

ఇంటికెళ్ళి చెప్తే మా ఆయన, "పోనీలేవే, ఆ గది పక్కనే బాత్రూం కదా," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "బస్సు నడపడం నా పని. బాత్రూం పక్కన కాపలా కూర్చోవడం కాదు!" అన్నాను.

మర్నాడు డాక్టరమ్మ చెప్పినట్టే గుక్క గుక్కగా నీళ్ళు తాగుతూ నడిపాను. మంట కూడా కాస్త తగ్గింది. స్టేషన్ నుంచి తిరిగొస్తుంటే దారిలో పెద్దక్క ఎక్కింది. రిటైరైనా డిపోకి రాకుండా ఉండలేదు. నా వెనక సీట్లో కూర్చుని బ్రేకు వేసినప్పుడల్లా వంకలు పెడుతుంది.

వంతెన దగ్గర ట్రాఫిక్ ఆగింది. నాకు ఆగడం లేదు. ఇదివరకైతే పళ్ళు బిగించేదాన్ని. పక్కనే పెట్రోల్ బంకు కనబడింది. బస్సు ఓరగా తీసి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఇంజన్ ఆపి లేచి నిలబడ్డాను.

"అందరూ వినండి. బాత్రూంకి వెళ్ళొస్తాను. కూర్చోండి."

బస్సంతా గుడ్లప్పగించి చూసింది. టై కట్టుకున్న ఒకాయన, "ఛీఛీ, ఇంతమందిలో చెప్పుకునే మాటేనా?" అన్నాడు.

"మీరు వెళ్ళరా సార్? వెళ్ళకపోతే డాక్టర్‌కి చూపించుకోండి. ఈ బస్సు ఆస్పత్రి ముందు నుంచే పోతుంది."

అందరూ గొల్లుమన్నారు. పెద్దక్క రాడ్డు పట్టుకుని లేచింది. "ఉండవే, నేనూ వస్తా."

బయటికొచ్చాక చెయ్యి కడుక్కుంటూ నా మొహం చూడలేకపోయింది. "ఈ బాధతోనే నేను పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పోవడం మానేశానే. నీకూ అదే అంటగట్టాను."

"గేర్లు కూడా నువ్వే నేర్పావు కదక్కా. పద."

డిపో చేరేసరికి బస్సు కోసం కాచుకున్న జనం విసుక్కుంటున్నారు. టైంకీపర్ మైకు పట్టుకుని నిలబడ్డాడు. "ఎందుకు లేటు?" అన్నాడు. దాచకుండా చెప్పాను. జనాన్ని చూసి నీళ్ళు నమిలి, మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "సాంకేతిక లోపం వల్ల బస్సు ఆలస్యంగా..."

మైకు లాక్కున్నాను.

"బస్సుకేమీ కాలేదు! డ్రైవరు నీళ్ళు తాగింది, బాత్రూంకి వెళ్ళింది. రేపూ తాగుతుంది, రేపూ వెళ్తుంది. ఇక్కడి ఆడవాళ్ళ బాత్రూం తాళంచెవి ఈ అయ్యగారి జేబులో ఉంది. అది బయటికొచ్చేదాకా ఈ బస్సు దారిలో ఆగుతూనే ఉంటుంది."

టికెట్ల గది గుర్తొచ్చింది. అయినా మైకు వదల్లేదు.

"తాళమియ్యవయ్యా!" జనంలోంచి పెద్దక్క గొంతు. "నేనున్నన్నాళ్ళూ అడగలేక చచ్చాను. ఇప్పుడడుగుతున్నా, ఇయ్యి!"

"ఇచ్చెయ్యండి సార్, మాకు లేటవుతోంది!" ఎవరో అందుకున్నారు. ఆ తర్వాత అందరూ అందుకున్నారు.

జేబులో చెయ్యి పెట్టాడు. "మళ్ళీ నాకే ఇవ్వాలి," అన్నాడు.

"ఇవ్వను," అన్నాను. తీసుకెళ్ళి బాత్రూం తలుపు పక్కన మేకుకి తగిలించాను.

బస్సు మెట్ల దగ్గర నిలబడి పెద్దక్క అరుస్తోంది. "టైమైంది, కదలవే!"

"ఉండక్కా," అన్నాను సీసా మూత తీస్తూ. "ముందు నువ్వో గుక్క తాగు."