ఐసు కింది పచ్చదనం

రుహీకి ఒక సందేహం పట్టుకుంది. పట్టుకుంటే ఒక పట్టాన వదిలే పిల్ల కాదు. తొమ్మిదో తరగతి సైన్సు క్లాసులో భారతి టీచర్ ధ్రువాల దగ్గరి సముద్రం ఫొటోలు చూపించింది. చలికాలమంతా మంచు పలక కప్పుకున్న నీళ్లు, వసంతంలో ఆ మంచు వెనక్కి జరగగానే ఆకుపచ్చగా మారిపోతాయట. కంటికి ఆనని నీటి మొక్కలు, వృక్ష ప్లవకాలు, కోట్లకు కోట్లు పెరుగుతాయట. ఆ పచ్చదనం అంతరిక్షం నుంచి చూసినా కనబడుతుందట. క్లాసంతా “అబ్బో” అని ఊరుకుంది. రుహీ లేచి నిలబడింది.

“టీచర్, మంచు ఉన్నన్ని రోజులు అవి ఎందుకు పెరగయి? చలికా, చీకటికా?”

“చేసి చూడు. మీ నాయినది ఐసు పనే గదా. సైన్సు ఫెయిర్‌కు మన స్కూల్ నుంచి ఒక్కటే ప్రయోగం పోతది. నీది బాగుంటే నిన్నే పంపుతరు.”

ఆ మాటతో రుహీకి నిద్ర పట్టలేదు. డాబా మీద మూడు గాజు తొట్లలో నీళ్లు పోసి, నాచు పట్టిన గేదెల తొట్టిలోని పచ్చనీళ్లు కొంచెం కొంచెం కలిపింది. ఒకటి అలాగే వదిలేసింది. మిగతా రెండింటిలో ఐసును పలుచని కవర్లలో కట్టి నీళ్ల మీద తేలేలా వేసింది. రెండెందుకంటే, ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టిస్తుందని టీచర్ మాట.

సరిగ్గా అప్పుడే పరకాలలో మేనత్త కూతురి షాదీ వచ్చిపడింది. తప్పదు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రి యాకూబ్‌కు తొట్లు అప్పజెప్పింది.

“అబ్బా, పొద్దుగాల, మాపటికి ఐసు మార్చాలె. మరువకు.”

“ఐసు గురించి నాకు చెప్తానవా బేటీ? ఫికర్ చేయకు, పో.”

తంటా అక్కడే వచ్చింది. ఐసు ఎండలో బట్టబయలుగా కరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం యాకూబ్ వల్ల కాదు. చిన్నప్పటి నుంచీ ఊక పోసి, గోనె కప్పి బతికించుకున్న చేతులాయె. కప్పేశాడు. రెండో గోనె పెళ్లివారి ఐసుకు చుట్టుకుని పరకాల వెళ్లిపోయింది కాబట్టి ఒక్క తొట్టికే కప్పాడు.

వారం తర్వాత షాదీ నుంచి తిరిగొచ్చిన రుహీ మెహెందీ చేతులతోనే డాబా మీదికి పరుగెత్తింది. ఐసు లేని తొట్టి చిక్కటి ఆకుపచ్చ. ఐసు ఒక్కటే ఉన్న తొట్టి లేత పచ్చ. గోనె లాగి చూస్తే, మూడో తొట్టి మాత్రం వెళ్లేనాడు ఎలా ఉందో అలాగే వెలవెలబోతోంది.

“ఎవలు కప్పిండ్రు దీన్ని?”

“నేనే బేటీ. ఊకెనే కరిగిపోతాంటే మనసొప్పలే.”

“అంత ఖరాబ్ చేసినవ్ అబ్బా! రేపే స్కూల్ల చూపించాలె!” రుహీ బోరుమంది.

యాకూబ్ ఆ గోనెను మడత పెట్టసాగాడు. “కప్పనిది జల్దీ కరుగుతాంటే దానికి ఇంకింత ఐసు వేసుకుంట వచ్చిన. చెయ్యి పెట్టి చూసిన. రెండు ఒకతీర్గనే సల్లగున్నయ్,” అని నసిగాడు.

రుహీ ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. రెండూ ఒకేలా చల్లగా ఉంటే, తేడా వెలుతురు ఒక్కటే! చలిలోనూ, వెలుతురు తగిలింది కాబట్టి ఒకటి పచ్చబడింది. అంటే చలి మెల్లగా నడిపిస్తుంది, చీకటి అసలు కదలనివ్వదు.

మర్నాడు స్కూల్లో గోనెతో సహా అంతా చెప్పింది. ఫెయిర్‌కు పంపేదేదో తేల్చడానికి వచ్చిన సారు శ్రద్ధగానే విన్నాడు. “మళ్లీ ఒక్కసారి చేసి చూసినవా?” అని అడిగాడు. లేదంది. “ఒక్కసారి జరిగినదాన్ని ఎట్ల నమ్ముతం?” అని, ఇంకొకరు చేసిన, సోడా పోస్తే పొంగే అగ్నిపర్వతాన్ని ఎంపిక చేసి వెళ్లాడు. ఆ అగ్నిపర్వతం ఏటా పొంగుతూనే ఉంటుంది, ఏటా ఎవరో ఒకరు చప్పట్లు కొడుతూనే ఉంటారు. సారు అడిగినదాంట్లో తప్పు లేదని రుహీకి తెలుసు. అయినా ఆ అగ్నిపర్వతం వైపు చూడకుండా బయటికి నడిచింది.

గేటు బయట యాకూబ్ తొట్లను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. బరువు తగ్గుతుందని వెలవెలబోయిన తొట్టిని పక్కకు వంచాడు. నీళ్లు కారుతుండగా అడిగాడు.

“బేటీ, అక్కడ మంచు కింద చలికాలమంత చీకటే గదా. మరి ఎండ రాంగనే అంత పచ్చ ఏడ్నుంచి వస్తది? అవి సచ్చిపోలేదా? ఎట్ల బతికున్నయ్?”

కారిపోతున్న ఈ నీళ్లలోనూ అవి బతికే ఉన్నాయేమో!

“పారబోయకు అబ్బా!” అని రెండు చేతులతో తొట్టిని పట్టుకుంది.

మిగిలింది సగమే. అయినా దాన్ని ఎండ తగిలేలా ఆటో అంచున పెట్టింది. తండ్రీకూతుళ్లిద్దరూ దాని మీదికి వంగి, ఏమీ లేనట్టున్న ఆ నీళ్లలోకి చూస్తూ ఇంటికి వెళ్లడం మరిచిపోయారు.