పెట్టెకు బొట్టు

దసరా నాడు పెట్టెకు బొట్టు పెట్టింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే తరవాత చెప్పాల్సింది తక్కువ ఉంటుంది.

పెట్టె అంటే ఆటల పెట్టె. టీవీకి తగిలించి, చేతిలో మీటలు పట్టుకుని ఆడుకునేది. మా దగ్గర ఉన్నది బజారులో దొరికేది కాదు. ఆటలు తయారు చేసేవాళ్లకు కంపెనీ నమ్మి ఇచ్చేది. అమ్మదు, వాడుకోమని ఇస్తుంది. ఎప్పుడు అడిగితే అప్పుడు తిరిగి పంపాలి. మూత విప్పకూడదు. ఫొటో తీయకూడదు. మన దగ్గర ఉందని పైకి చెప్పకూడదు. నా బిడ్డ అఖిల, దాని దోస్తు ప్రణయ్ కలిసి జనగామలో, విత్తనాల దుకాణం మీది గదిలో ఆ పెట్టె కోసం ఒక ఆట తయారు చేస్తున్నారు. మూడేళ్లయింది.

ఆట నా పని గురించే. భూపాలపల్లిలో ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గుబాయిలోకి దిగాను. ఆటలో అంతా చీకటి. నెత్తి మీద దీపం, చేతిలో కర్ర. కర్రతో పైకప్పును కొట్టి వినాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల వదులైన కప్పు డొల్లగా పలుకుతుంది. డొల్ల విన్నవాడు వెనక్కి రావాలి. రాకపోతే కప్పు కూలుతుంది. అంతే. నేను మాట్లాడేది తక్కువ. కానీ ఆ చప్పుళ్లన్నీ నోటితో చేసి చూపించాను. అఖిల వాటిని పట్టుకుని ఆటలో పెట్టింది.

కంపెనీకి ఆ చప్పుళ్లు నచ్చాయి. పెట్టె పంపింది. ఆట ఫిబ్రవరిలో తమ పెట్టెలోనే రావాలని, ఆ తరవాత రెండేళ్ల దాకా ఇంకెవరి పెట్టెలోనూ రాకూడదని రాయించుకుంది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. తయారైన ఆటను ఎప్పటికప్పుడు పరీక్షకు పంపించాలి. వాళ్లు సరే అంటేనే బయటికి వచ్చేది.

హైదరాబాదులో ఆ కంపెనీ తరఫున ప్రియదర్శిని అనే ఆవిడ ఉంది. వారానికోసారి వీడియోలో మాట్లాడేది. "అఖీ, తిన్నావా? నిద్రపోతున్నావా అసలు?" అని అడిగేది. అఖిల నవ్వేది. ఆ నవ్వు చూసి నేను కూడా ఆవిడను మంచిదే అనుకున్నాను.

ఎండాకాలం అయిపోయాక ఫోన్లు తగ్గాయి. వారం పదిహేను రోజులైంది. పదిహేను రోజులు నెలైంది. పరీక్షకు పంపిన ఆట చిన్న చిన్న తప్పులతో తిరిగి వచ్చేది. ఆడుతుండగా మీట తీగ ఊడితే తెర మీద ఏం రాయాలి, ఏ అక్షరం ఎంత ఉండాలి, అలాంటివి. వీళ్లు దిద్ది పంపేవాళ్లు. ఇంకో తప్పుతో వచ్చేది. నాకు డొల్ల వినిపించింది. అఖిలకు చెప్పలేదు. నాకేం తెలుసని చెప్పను?

చెప్పాల్సింది చెప్పకుండా, దసరా నాడు బొట్టు పెట్టాను.

అఖిల తెల్లవార్లూ పని చేసి ఇంట్లో పడుకుంది. ప్రణయ్ పండక్కి మానుకోట పోయాడు, వాళ్ల ఊరికి. నేను తాళంచెవి తీసుకుని గదికి పోయాను. అన్నం పెట్టే పనిముట్టుకు దసరా నాడు పసుపు కుంకుమ పెట్టకుండా ఉంటామా? బాయిలో ఉన్నప్పుడు తట్టకు, బొగ్గెత్తే చెమ్మాసుకు కూడా పెట్టేవాళ్లం. పండక్కి భూపాలపల్లి నుంచి వచ్చిన మా చెల్లె వజ్రమ్మ కూడా నా వెంటబడి వచ్చింది.

పెట్టె ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. దాని లోపలి ఫ్యాను సన్నగా ఊపిరి తీస్తూ ఉంటుంది. మధ్యలో పసుపు రాసి బొట్టు పెట్టాను. కుంకుమ కొంచెం గాలి రంధ్రాల్లోకి రాలింది.

"గిదేనా అన్నా, కోడలు మూడేండ్ల సంది కూసోని కాపాడే డబ్బా?" అంది వజ్రమ్మ. "నేనేందో బీరువంత ఉంటదనుకున్న. గింతేనా?"

"ముట్టకు."

"ముట్ట తియ్. నీ మొగానికి కూడా ఇంత పసుపు రాయాలె, మూతి ముడుచుకొని ఉంటవు."

నేను కొబ్బరికాయ కొట్టడానికి మెట్ల దగ్గరికి పోయాను. ఆమె లోపల ఫోను తీసింది. నేను చూడలేదు. చూసినా, దేవుడి పటానికి ఫొటో తీసినట్టే అనుకునేవాణ్ణేమో.

ఆ ఫొటో ఆమె స్టేటస్‌లో పెట్టుకుంది. ఆమె కొడుకు యుగేందర్ చూసి, మా మామ బిడ్డ దగ్గర ఇంకా బజారుకు రాని పెట్టె ఉందని ఆటలు ఆడేవాళ్ల గ్రూపులో వేశాడు. పెట్టె పక్కన చిన్న కాగితం అంటించి ఉంటుంది, దాని మీద నంబరు. ఎవరి పెట్టెకు ఏ నంబరో కంపెనీకి తెలుసు. బొట్టు పక్కనే నంబరు స్పష్టంగా పడింది.

నాలుగో రోజు ప్రణయ్ ఫోను పట్టుకుని మెట్లు ఎక్కి వచ్చాడు. ఫొటో చూపించాడు. అఖిల నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను.

"బాపూ, ఎవ్వలకూ చూపియ్యద్దంటిని కదా."

"చూపియ్యలే బిడ్డా. మొక్కిన."

ప్రణయ్ గదిలో అటూ ఇటూ తిరిగాడు. "మా నాయినతోని చెప్పిస్త. ఎమ్మెల్యే మనకు తెలిసినాయినే."

"ఎమ్మెల్యే మాట వినేతందుకు అది తహసీల్దార్ ఆఫీసా?" అంది అఖిల. "కూసో జర. తల తిరుగుతాంది."

ఆ సాయంత్రమే ప్రియదర్శిని వీడియోలోకి వచ్చింది. వెనక తెల్ల గోడ. ఆవిడ పక్కన ఇంకో మనిషి కూర్చున్నాడు. ఆయన పేరు చెప్పలేదు. మాట్లాడలేదు. రాసుకుంటున్నాడు.

"నమస్తే అఖిల గారు. ఎలా ఉన్నారు?"

అఖీ పోయి గారు వచ్చింది. నువ్వు పోయి మీరు వచ్చింది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను, వాళ్లకు కనబడకుండా.

"చిన్న విషయమేనండి. మీ గదిలోకి ఎవరెవరు వస్తుంటారో చెబుతారా?"

అఖిల నోరు తెరిచేలోపే ప్రణయ్ అందుకున్నాడు. "మేమిద్దరమే మేడం. గా ఫొటో మాది కాదు. ఎవడో చేసిండు. కంప్యూటర్ల అన్నీ చేస్తున్నరు కదా ఇప్పుడు."

రాసుకునే మనిషి కలం ఆగింది.

బాయిలో మోతీ అని నా జోడీ ఉండేవాడు. ఒకనాడు ఒక మూల కప్పు కొట్టి చూశాను. డొల్లగా పలికింది. ఎవరైనా చూసి చెబుతారులే, నేనెందుకు చెప్పాలని ఊరుకున్నాను. మధ్యాహ్నం అన్నం వేళకు మోతీ బండ కింద ఉన్నాడు. ఆ సంగతి ఇప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పలేదు.

నేను నడిచి కెమెరా ముందుకు పోయాను.

"నా పేరు పెద్దులు. ఈ పిల్ల తండ్రిని. బొట్టు పెట్టింది నేనే బిడ్డా. మా చెల్లె ఫొటో తీసింది. పిల్లలకు తెల్వది. పడితే నా మీద పడుర్రి."

ప్రణయ్ కళ్లు మూసుకున్నాడు. ప్రియదర్శిని నవ్వింది.

"అయ్యో, పర్లేదండి. నిజం చెప్పినందుకు థాంక్స్. పూజ చాలా అందంగా చేశారు కూడా. మీరేం టెన్షన్ పడకండి. మా లీగల్ వాళ్లు ఒకసారి చూస్తారు, అంతే."

తెర ఆగిపోయింది. ప్రణయ్ ఊపిరి వదిలాడు. "బతికినం. మామ చెప్పిందే మంచిగైంది. చూసినవా ఎట్ల నవ్విందో?"

అఖిల నన్ను అడిగింది. "బాపూ, నీకేమనిపిస్తాంది?"

ఇన్నేళ్లలో అది నన్ను అట్లా అడగడం మొదటిసారి. ఆటలో చప్పుడు ఎలా ఉండాలని అడిగింది గానీ, ఇది కాదు.

"డొల్ల" అన్నాను. "శానా రోజుల సంది."

"మరి చెప్పవైతివి?"

నేను టిఫిన్ డబ్బా మూత తీసి వాళ్ల ముందు పెట్టాను.

ఆ రాత్రి ఎవరూ ఏమీ తినలేదు. తెల్లారి నుంచి ఇద్దరూ మళ్లీ పనిలో కూర్చున్నారు, ఏమీ జరగనట్టు. ఆఖరి తప్పులు దిద్ది, ఆట మొత్తం ఇంకోసారి పరీక్షకు పంపారు. అందిందని కంపెనీ నుంచి జాబు వచ్చింది. ఒక్క వాక్యం. కింద మనిషి పేరు లేదు.

మూడో రోజు పన్నెండు గంటలప్పుడు నేను టిఫిన్ డబ్బా తీసుకుని గదికి పోయాను. కింద దుకాణంలో రైతులు మిరప విత్తనాల కోసం గొడవ పడుతున్నారు. గదిలోకి అడుగు పెట్టగానే ఏదో తక్కువైందని తెలిసింది. ఏమిటో అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఊపిరి వినబడటం లేదు.

బాయిలో గాలి ఫ్యాను ఆగితే ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పనిముట్లు ఉన్నచోటే వదిలి అందరూ పైకి వచ్చేయాలి.

"కరెంటు పోయినట్టుంది" అన్నాడు ప్రణయ్, తల ఎత్తకుండా.

వాడి నెత్తి మీద సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది.

అఖిల పెట్టె మీట నొక్కింది. తీగ పీకి పెట్టింది. మళ్లీ నొక్కింది. తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి, ఇంగ్లీషులో, రెండు వరసలు. అది చదివి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఏమున్నది?" అన్నాను.

"ఈ పెట్టె మీద మనకు హక్కు లేదట. అక్కడి నుంచే బంద్ చేసిన్రు."

ఒక గంటకు జాబు కూడా వచ్చింది. అది మాత్రం పొడుగ్గా ఉంది. ప్రణయ్ పైకి చదివి తెలుగులో చెప్పాడు. పెట్టె ఏడు రోజుల్లో తిరిగి పంపాలి. ఫిబ్రవరిలో ఆట రాదు. మళ్లీ ఎప్పుడనేది కంపెనీ ఇష్టం. రాసిచ్చిన ఒప్పందం మాత్రం అలాగే ఉంటుంది. అఖిల ఇంకెవరికీ ఆ ఆట ఇవ్వకూడదు. పరీక్షకు పంపిన ఆట వాళ్ల దగ్గరే ఉంటుంది.

"వాళ్లు తేరు. ఇంకొకలను తేనియ్యరు" అన్నాడు ప్రణయ్. "బొట్టు ఉత్త సాకు మామా. ఎండకాలంల్నే వాళ్ల మనసు పోయింది. సాకు కోసం చూసిన్రు, మనమే చేతిల పెట్టినం."

నన్ను ఓదార్చడానికే అన్నాడు. సాకు చేతిలో పెట్టింది నేను.

బాయిలో బొగ్గుకు మంట అంటుకుంటే ఆ భాగాన్ని గోడ కట్టి మూసేస్తారు. లోపల బొగ్గు తొట్లు, పట్టాలు, మనవాళ్ల పారలు, అన్నం డబ్బాలు కూడా ఉండిపోతాయి. గోడ మీద తేదీ రాస్తారు. ఆ దారిన పోయేటప్పుడు ఎవరైనా గోడ మీద చెయ్యి పెట్టి చూసేవారు, వెచ్చగా ఉందా అని. అఖిల ఆటలో అలాంటి గోడ ఒకటి ఉంది. నేను చెబితేనే పెట్టింది.

మరునాడు పెట్టెను తుడిచి కట్టాం. పసుపు తడిగుడ్డకు పోయింది. గాలి రంధ్రాల్లోకి పోయిన కుంకుమ పోలేదు. నేను పండ్లు తోమే బ్రష్షుతో గీకాను. గీకిన కొద్దీ లోపలికి పోయింది.

"ఉండనియ్ బాపూ."

"వాళ్లు చూస్తరు కదా."

"చూసేది ఎప్పుడో చూసిన్రు."

అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ పాత పేపర్లు కుక్కి, టేపు వేసింది. కొరియర్ మనిషి ఎత్తి చూసి, "ఏమున్నది లోపల, పలిగేదా?" అన్నాడు. అఖిల సంతకం చేస్తూ తల ఊపింది. ఆయన మెట్లు దిగిపోయాడు. పెట్టె ఉన్నచోట బల్ల మీద నలుచదరంగా దుమ్ము లేని మచ్చ మిగిలింది. అఖిల దాని మీద చెయ్యి పెట్టింది.

"బాపూ, గోడ కట్టినంక లోపలి సామాను మళ్ల ఎప్పుడు తీసిన్రు?"

ఊరుకుందామనుకున్నాను. ఊరుకోలేదు.

"తియ్యలే బిడ్డా" అన్నాను.